ఐసీయూ బయట ‘గోవిందా’ అన్నాను, కానీ నేను దేవుణ్ణి నమ్మను. ఇదెట్లా?

కర్నూలు_కుర్రాడు
బెంగళూరులో ఎనిమిదేళ్ళుగా ఉంటున్నా. ఇల్లు మారతహళ్ళిలో, పని డేటా అనలిస్టు. రోజంతా చేసేది ఒకటే, ఈ మార్పు వల్లే ఆ ఫలితం వచ్చిందా లేక ఊరికే అట్లా కలిసొచ్చిందా అని తేల్చడం. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలోనే దేవుణ్ణి వదిలేశా. ఎవరితోనో గొడవపడి కాదు, అవసరం కనపడక.

పోయిన నెల నాన్నకి బైపాస్ అయింది. మూడు బ్లాకులు. ఊరి నుంచి ఇక్కడికే తీసుకొచ్చాం. ఆపరేషన్ ఐదు గంటలన్నారు, ఏడు దాటినా బయటికి ఎవరూ రాలేదు. అమ్మ కుర్చీలో కూర్చుని ఆపకుండా గోవింద నామాలు చదువుతోంది. నేను కారిడార్‌లో అటూ ఇటూ తిరుగుతున్నా. ఒక దగ్గర నిలబడి చూసుకుంటే నా పెదాలు కూడా కదులుతున్నాయి. గోవిందా గోవిందా అని. ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలియదు.

నాన్న ఇప్పుడు బాగున్నాడు. ఇంటికొచ్చాక అమ్మ “ఏడుకొండలవాడే కాపాడినాడు. మీ నాన్నా నువ్వూ తలనీలాలు ఇవ్వండి, నేను మూడు కత్తెరలు ఇస్తా” అనింది. నేను “ఏడు గంటలు నిలబడి కాపాడింది డాక్టరు, ఏడుకొండలవాడు కాదు” అనేశా. అమ్మ ఏం మాట్లాడలేదు. లేచి వంటింట్లోకి పోయింది. రెండు వారాలైంది, అన్నానికి పిలవడం తప్ప నాతో వేరే మాట లేదు.

సైన్సునీ లాజిక్కునీ పూర్తిగా ఒప్పుకుంటూ దేవుణ్ణి నమ్మడం కుదురుతుందా? అమ్మ మనసు నొప్పించకు అనే సలహా వద్దు, అది నాకూ తెలుసు. వాదనగా నిలబడుతుందా లేదా, అది చెప్పండి.

సున్నా_ఒకటి
నిలబడదు. నువ్వు అన్నది నిజం, అన్న సమయం తప్పు. అంతే.

జయనగర్_అత్త
సలహా వద్దన్నాడు కాబట్టి ఊరుకుంటున్నా. లేకపోతే చాలా చెప్పేదాన్ని.

హిందూపురం_భాషా
సున్నా గారూ, అంత తొందరగా కొట్టేయకండి. 1979 ఫిజిక్స్ నోబెల్ ముగ్గురికి వచ్చింది. గ్లాషో, అబ్దుస్ సలాం, వైన్‌బర్గ్. విద్యుదయస్కాంత బలమూ, అణుకేంద్రకంలో ఉండే బలహీన బలమూ ఒకే బలానికి రెండు రూపాలని చూపించినందుకు. సలాం గట్టి విశ్వాసి. వైన్‌బర్గ్ నాస్తికుడు, ఆ సంగతి ఎప్పుడూ దాచుకోలేదు. ఇద్దరూ విడివిడిగా పనిచేసి ఒకే సిద్ధాంతం దగ్గరికి చేరారు. దేవుడున్నాడని సలాం లెక్క మారలేదు, లేడని వైన్‌బర్గ్ లెక్కా మారలేదు. కుదరదంటే సలాం తలలో కుదరనిది ఏమిటో చెప్పాలి కదా.

సున్నా_ఒకటి
భాషా గారూ, ఒకే తలలో రెండూ ఉన్నంత మాత్రాన రెండూ కుదిరినట్టు కాదు. నేనూ మా బావమరిదీ కూడా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ‘లెక్క మారలేదు’ అన్నారు చూడండి, నేననేది అదే. లెక్కలో దేవుడికి చోటు లేదు కాబట్టే మారలేదు.

పల్లీల_పరిషె
మీ బావమరిది ఈ థ్రెడ్ చదువుతున్నాడేమో చూసుకో అన్నా 😀

మల్లేశ్వరం_మాస్టారు
కాలేజీలో ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. రోజూ సంధ్యావందనం చేస్తాను. కాబట్టి ఈ ప్రశ్న నాది కూడా.

మన తర్కశాస్త్రంలో ఒక పాత ఉదాహరణ ఉంది. కొండ మీద పొగ కనిపించింది, కాబట్టి అక్కడ నిప్పుంది. ఈ మాట ఎలా అనగలుగుతున్నాం? వంటింట్లో పొగా నిప్పూ కలిసి ఉండటం ఎన్నోసార్లు చూశాం కనుక. దాన్ని వ్యాప్తి అంటారు. నైయాయికులు, అంటే ఆ తర్కశాస్త్రం వాళ్ళు, ఇదే దారిలో దేవుణ్ణి నిరూపించబోయారు. కుండ ఉంటే కుమ్మరి ఉన్నట్టు, జగత్తు ఉంది కనుక దాన్ని చేసినవాడూ ఉన్నాడని. పదో శతాబ్దంలో ఉదయనుడు దీనికోసం ఒక గ్రంథమే రాశాడు. చిక్కెక్కడంటే, కుమ్మరి కుండ చేస్తుంటే చూశాం, జగత్తు తయారవుతుంటే ఎవరు చూశారు? మనకి తెలిసిన జగత్తు ఇదొక్కటే. ఒక్కదాన్ని చూసి వ్యాప్తి చెప్పలేం. ఇంకో విశేషం, యజ్ఞాలనీ కర్మలనీ అందరికంటే గట్టిగా పట్టుకున్న మీమాంసకులే సృష్టికర్తను ఒప్పుకోలేదు. కుమారిల భట్టు ఆ భావాన్ని తర్కంతోనే ఖండించాడు. కర్మ చేయడానికి సృష్టికర్త అక్కర్లేదన్నవాళ్ళు మన సంప్రదాయం నడిమధ్యనే ఉన్నారు.

అందుకని అబ్బాయ్, తర్కంతో దేవుణ్ణి నిరూపించగలనని నేను అనను. కానీ మీ అమ్మతో నువ్వన్న మాటలోనూ తర్కం లేదు. డాక్టరు కాపాడాడన్నది నీకు తెలుసు. కాబట్టి దేవుడు కాపాడలేదన్నది దాంట్లోంచి రాదు.

కర్నూలు_కుర్రాడు
మాస్టారూ, ఒప్పుకుంటా, రాదు. కానీ ఏం జరిగినా పక్కన దేవుడి పేరు చేర్చుకోవచ్చు అంటే ఆ మాటకి మిగిలిన అర్థం ఏమిటి? ఉన్నా లేకపోయినా అంచనా మారకపోతే నా పనిలో ఆ వేరియబుల్‌ని మోడల్ లోంచి తీసేస్తాం.

సున్నా_ఒకటి
ఇదీ మాట.

లెక్కల_భార్గవి
అచ్చం మీ నాన్నగారి పరిస్థితి మీదే ఒక పరీక్ష జరిగింది, ఎవరూ చెప్పలేదేంటి? అమెరికాలో హెర్బర్ట్ బెన్సన్ బృందం 2006లో ప్రచురించింది. బైపాస్ చేయించుకుంటున్న 1802 మంది, ఆరు ఆసుపత్రులు. వాళ్ళని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపు కోసం వేరేవాళ్ళు ప్రార్థన చేశారు, రెండో గుంపు కోసం చేయలేదు. తమ కోసం చేస్తున్నారో లేదో ఈ రెండు గుంపులకీ తెలియదు. మూడో గుంపుకి మాత్రం మీ కోసం తప్పకుండా ప్రార్థన జరుగుతుందని చెప్పి చేశారు. ఆపరేషన్ తర్వాత ఏదో ఒక సమస్య వచ్చినవాళ్ళు మొదటి గుంపులో నూటికి 52, రెండో గుంపులో 51, మూడో గుంపులో 59.

అంటే తెలియకుండా చేసిన ప్రార్థనకి తేడా ఏమీ లేదు. చెప్పి చేస్తే కాస్త ఎక్కువమందికే ఇబ్బంది వచ్చింది. నా కోసం ప్రార్థనలు చేయాల్సినంత సీరియస్సా అని టెన్షన్ పడ్డారేమో, లేదా అది కూడా కలిసొచ్చిన తేడాయేనేమో.

ఈశాన్యం_మూల
ముక్కూ మొహం తెలియనివాళ్ళు లిస్టులో పేరు చూసి చేసిన ప్రార్థన, కట్టుకున్న భార్య ఏడుస్తూ చేసిన ప్రార్థన ఒకటేనా? అయినా దేవుడేమన్నా ల్యాబులో ఎలుకా పరీక్షలు పెట్టడానికి. పరీక్షిస్తే పలకడు. ఈ సైన్సంతా మన వేదాల్లో ఎప్పుడో ఉంది, తెల్లవాళ్ళు వచ్చి మనకి చెప్పాలా.

లెక్కల_భార్గవి
పరీక్షకి పలకడు అన్న మాట నేను ఒప్పుకుంటా. అయితే బాగైనప్పుడు ‘పలికాడు’ అని కూడా అనకూడదు కదండీ. గెలిచిన మ్యాచ్ మన ఖాతాలో వేసుకుని ఓడింది లెక్కలోకి రాదంటే ఎలా?

మన భాషలో కాకతాళీయం అనే మాటే ఉంది. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి వాలినందుకు పడలేదు. తిరుమలలో కళ్యాణకట్ట దగ్గర నిలబడి అడిగితే అందరూ మొక్కు ఫలించిందనే చెప్తారు. మొక్కుకుని కూడా మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు ఆ వరసలో నిలబడరు. మనకి వాళ్ళు కనిపించరు, అంతే. ఇది రాస్తుంటే నాకే కష్టంగా ఉంది, మా నాయనమ్మ అలాగే మొక్కుకుంది మా తాతయ్య కోసం.

మల్లేశ్వరం_మాస్టారు
ఈశాన్యం గారూ, వేదాల్లో ఎప్పుడో ఉందన్నారు. ఋగ్వేదం పదో మండలంలో 129వ సూక్తం ఒకసారి చదవండి. ఈ సృష్టి ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికి తెలుసు అని అడుగుతుంది. దేవతలు కూడా సృష్టి తర్వాత వచ్చినవాళ్ళే అంటుంది. చివరికి, పైనుంచి చూస్తున్నవాడికి తెలుసేమో, బహుశా ఆయనకీ తెలియదేమో అని ఆపేస్తుంది. అందులో రాకెట్టు లేదు, ప్లాస్టిక్ సర్జరీ లేదు. తెలియదు అని ఒప్పుకునే ధైర్యం ఉంది. నేను వేదాన్ని గౌరవించేది అందుకు. లేనివన్నీ అందులో ఉన్నాయని చెప్పడం దానికి గౌరవం కాదు.

జయనగర్_అత్త
మాస్టారూ, నమస్కారం మీకు.

నాగలి_77
మీరంతా చక్కగా వాదించుకుంటున్నారు గానీ నాకు ఈ విషయం అంత చల్లగా మాట్లాడటం చేతకాదు. మా పెద్దమ్మ కొడుక్కి పదకొండో ఏట మూర్ఛ మొదలైంది. గాలి సోకిందన్నారు. ఒక స్వామి దగ్గరికి తిప్పారు, తాయెత్తులు, విభూతి, అమావాస్య పూజలు. నాలుగేళ్ళు. ఒకసారి పొయ్యి దగ్గర పడి చెయ్యి కాల్చుకున్నాడు, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. చివరికి మా నాన్న గొడవ చేసి డాక్టరుకి చూపిస్తే రోజూ వేసుకునే మాత్రతో ఫిట్స్ ఆగిపోయాయి. నాలుగేళ్ళ బడి పోయింది వాడికి. ఆ స్వామిని ఎవరూ ఏమీ అడగలేదు, ‘కర్మ తీరింది కాబట్టి తగ్గింది’ అన్నాడట.

మా నాన్న చదువుకునే రోజుల్లో విజయవాడలో గోరా గారి నాస్తిక కేంద్రానికి వెళ్ళేవాడు. 1940లో ముదునూరులో మొదలై 1947లో విజయవాడకి మారింది. అక్కడివాళ్ళు నిప్పుల మీద నడిచి చూపించేవాళ్ళు, దీనికి మంత్రం అక్కర్లేదని. అదే మా నాన్నకి ధైర్యం ఇచ్చింది. నమ్మకం ఎవరికీ హాని చేయదనే మాట నా ముందు అనకండి.

మల్లేశ్వరం_మాస్టారు
అనను బాబూ. ఆ స్వామి చేసింది నేరం.

ఇక్కడ బసవనగుడి నేషనల్ కాలేజీలో హెచ్. నరసింహయ్య గారుండేవారు. గాంధేయవాది, బ్రహ్మచారి, హాస్టల్ గదిలోనే ఉండేవారు. బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా ఉండగా 1976లో, అద్భుతాలనీ మూఢనమ్మకాలనీ శాస్త్రీయంగా పరిశోధించడానికి కమిటీ వేశారు. ఆయన మొదలుపెట్టిన సైన్స్ ఫోరం ఉపన్యాసాలకి నేను ఏళ్ళ తరబడి వెళ్ళాను. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని ఊరు ఊరంతా గుళ్ళ ముందు నిలబడింది గుర్తుందా? నేనూ చెంచాతో పట్టాను, పాలు పోయాయి. ఇంటికొచ్చి మా పిల్లల ముందే పింగాణీ బొమ్మకి పసుపు కలిపిన పాలు పట్టి చూశాను. బొమ్మ ఒంటి మీద సన్నటి పొరగా కిందికి జారడం స్పష్టంగా కనిపించింది. తలతన్యత, అంటే ద్రవం పైపొరలో ఉండే బిగువు, పాలని చెంచాలోంచి లాగింది. ఆ సాయంత్రం కూడా నేను సంధ్యావందనం చేశాను. పాలు తాగడం మీద నా దేవుడు ఆధారపడి లేడు.

గవిపురం_గీత
మాస్టారి పసుపు పాల లాంటిదే మా వీధిలోనూ ఉంది. మేముండేది గవి గంగాధరేశ్వర గుడి దగ్గర. సంక్రాంతి సాయంత్రం సూర్యకిరణాలు బయటున్న నంది కొమ్ముల మధ్య నుంచి గుహలోకి వచ్చి శివలింగం మీద పడతాయి, కాసేపే. వీధంతా జనంతో నిండిపోతుంది. చిన్నప్పుడు నేను దాన్ని మహిమ అనుకునేదాన్ని. ప్లస్ టూలో ఒక అనుమానం వచ్చింది. సూర్యుడు బాగా దక్షిణానికి వెళ్ళేది డిసెంబరు 21కి. సంక్రాంతి దానికి 24 రోజుల తర్వాత. అలాంటప్పుడు 24 రోజుల ముందు కూడా సూర్యుడు ఆకాశంలో అదే చోట అస్తమించాలి కదా? అంటే నవంబరు 27 చుట్టుపక్కల. నాన్ననీ పట్టుకుని వెళ్ళి నిలబడ్డాను. పడింది! గుళ్ళో పదిమంది కూడా లేరు.

ఉత్తరాయణం నిజానికి డిసెంబరు 21, 22కే మొదలవుతుందనీ, భూమి అక్షం మెల్లగా తిరగడం వల్ల సుమారు 72 ఏళ్ళకి ఒక రోజు చొప్పున సంక్రాంతి ఆలస్యమవుతూ వచ్చిందనీ తర్వాత చదువుకున్నాను.

చెప్పొచ్చేదేమంటే, లెక్క తెలిశాక నాకు ఆ గుడి చిన్నదైపోలేదు. ఆ రాయిని అక్కడ అలా నిలబెట్టినవాళ్ళు ఏడాది పొడుగునా సూర్యుణ్ణి ఎంత శ్రద్ధగా చూశారో అనిపించి ఒళ్ళు జలదరించింది. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు వెళ్తాను.

పల్లీల_పరిషె
గీతక్కా నవంబరు డేట్ ఇక్కడ పెట్టేశావ్, ఈసారి అక్కడ కూడా క్యూనే

సున్నా_ఒకటి
గీత గారి పోస్టు బాగుంది, నిజంగా. కానీ గమనించారా, ఆమెకి ఆనందం ఇచ్చింది లెక్క. రాయి పెట్టిన మనుషులు. దేవుడు ఎక్కడున్నాడు అందులో?

హిందూపురం_భాషా
బిగ్ బ్యాంగ్‌కి దారి వేసిన లెమైత్ర గురించి చెప్పాలి ఇక్కడ. బెల్జియం దేశస్థుడు, కాథలిక్ ఫాదర్. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లోనే రాశాడు. 1951లో పోప్ పన్నెండో పయస్ ఆ సిద్ధాంతం సృష్టికి సాక్ష్యమన్నట్టు ప్రసంగించాడు. ఎగిరి గంతేయాల్సింది లెమైత్రే కదా? ఆయనకి అది నచ్చలేదు. నా సిద్ధాంతాన్ని మతానికి ముడిపెట్టవద్దన్నదే ఆయన పట్టు. ఫాదరే ఆ మాట అన్నాడు. సున్నా గారు అడిగే ‘దేవుడు ఎక్కడ’ అనే ప్రశ్నకి సమీకరణంలో చోటు వెతకకూడదని నేర్పింది నాకు ఆయనే. నేను రోజూ నమాజు చేస్తా, సెమీకండక్టర్ కంపెనీలో పనిచేస్తా. చిప్ పనిచేయకపోతే దువా చేయను, డిజైన్ మళ్ళీ చూస్తా.

సున్నా_ఒకటి
అది రెండు గదులు కట్టుకోవడం. మధ్య తలుపు వేసేశారు. తలుపు వేసుకోవడాన్ని కుదరడం అనరు. మతం అన్నప్పుడు చాలామంది ఉత్త భావం గురించి మాట్లాడరు, ఫలానా రోజున ఫలానాది జరిగింది అంటారు, మొక్కితే తగ్గుతుంది అంటారు. అవి ఈ ప్రపంచం గురించి చెప్పే మాటలు. భార్గవి గారు చూపించినట్టు పరీక్షకి నిలబడాలి. నిలబడనివన్నీ తీసేస్తే మిగిలేది ఎంత?

మోడరేటర్
కులం ఎత్తుతూ వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. మళ్ళీ వస్తే థ్రెడ్ మూసేస్తా.

స్టెల్లా_గుంటూరు
సున్నా గారు అడిగిన ‘మిగిలేది ఎంత’ గురించి. నేను ఇక్కడే గుండె ఆపరేషన్ల ఐసీయూలో నర్సుని, పన్నెండేళ్ళు. బైపాస్‌లో చాలాసార్లు గుండెని ఆపేస్తారు. రక్తాన్ని మెషీన్ తిప్పుతుంది. కాలి నుంచి తీసిన రక్తనాళమూ, ఛాతీలోని ధమనీ అతికిస్తారు. తర్వాత గుండెని మళ్ళీ మొదలుపెడతారు. అది మొదటిసారి కొట్టుకోవడం మానిటర్‌లో చూసిన ప్రతిసారీ నేను ‘స్తోత్రం’ అంటాను, మనసులో. దాని వల్ల కొట్టుకుందని నేనెప్పుడూ అనుకోలేదు. పొటాషియం ఎంత ఉంది, ఉష్ణోగ్రత ఎంత ఉంది, వాటి వల్ల కొట్టుకుంది. నా మందుల చార్టులో ప్రార్థన అనే గడి లేదు, ఉండకూడదు.

మరి ఎందుకంటాను? ఎదురుగా ఉన్నది నా చేతుల్లో లేదని తెలిసినప్పుడు ఒక మనిషి చేసే పని అది. కారిడార్‌లో నామాలు, తస్బీ, జపమాల అన్నీ చూశాను. అవి చేస్తున్నవాళ్ళని ఫలితం మారుస్తున్నారా అని అడగాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. వాళ్ళు కూలిపోకుండా నిలబడుతున్నారు. పేషెంటు పోయిన రాత్రి కూడా ఆ అమ్మలు అదే పేరు పిలిచి ఏడుస్తారు. ఫలితం కోసమే అయితే అప్పుడు ఆపేయాలి కదా.

కర్నూలు గారూ, ఆ రాత్రి మీరు చేసింది కూడా అదే అనుకుంటున్నా. మీరు నమ్మకం మార్చుకోలేదు. భయపడ్డారు, మీకు తెలిసిన భాషలో భయపడ్డారు.

లెక్కల_భార్గవి
చివరి పోస్టు రెండుసార్లు చదివాను.

నాగలి_77
స్టెల్లా గారూ, ప్రార్థన గడి చార్టులో ఉండకూడదు అన్నారు చూడండి, ఆ మాట ఒక్కటి మా పెద్దమ్మకి ఆ రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

సున్నా_ఒకటి
స్టెల్లా గారి మీద నాకు గౌరవం పెరిగింది. కానీ నేను ఒప్పుకోను. ఆమె చెప్పింది మనిషి గురించి, దేవుడు ఉన్నాడా అన్న ప్రశ్నకి అది జవాబు కాదు. తోడు కావాలంటే పక్కవాడి చెయ్యి పట్టుకోవచ్చు.

స్టెల్లా_గుంటూరు
నిజమే, జవాబు కాదు. చెయ్యి కూడా పట్టుకుంటామండీ, అది మా డ్యూటీలో ఉంది.

కర్నూలు_కుర్రాడు
మూడు రోజులుగా ఇవన్నీ చదువుతున్నా. భార్గవి గారు చెప్పిన 52, 51 నాకు కొత్త, కానీ నేను ఎదురుచూసిందే. అమ్మ చెప్పినట్టు ఏడుకొండలవాడు ఆపరేషన్‌ని నడిపించాడని నేను ఇప్పటికీ అనలేను. మాస్టారు చూపించిన తప్పు మాత్రం గట్టిగా తగిలింది. నేను అమ్మతో మాట్లాడినప్పుడు సైన్స్ చెప్పానని అనుకున్నా. చెప్పింది సైన్స్ కాదు, అమ్మ పిలుచుకున్న పేరుని లాక్కోవాలని చూశా. ఆ పేరే ఆ రాత్రి నా నోట్లోనూ ఉందని దాచిపెట్టి మరీ.

నిన్న రాత్రి అమ్మ దగ్గర కూర్చుని చెప్పేశా, కారిడార్‌లో నేను కూడా గోవిందా అన్నానని. అమ్మ బీన్స్ ఒలుస్తా “నాకు తెలుసులే, చూసినా” అనింది. రెండు వారాలూ తెలిసే ఊరుకుంది.

తర్వాత అడిగింది, ఆ డాక్టరు నక్షత్రం ఏమిటని. కొండ మీద ఆయన పేరున కూడా సంకల్పం చెప్పించాలంట. ఆయన మంగళూరు వైపు క్రైస్తవులు అమ్మా, నక్షత్రం ఉండదేమో అంటే, “అయితే పేరు చాలు. ఏడు గంటలు నిలబడినాడు కదరా ఆ బిడ్డ” అనింది.

వచ్చే నెల పోతున్నాం. గుండు చేయించుకోవాలో వద్దో నేను ఇంకా తేల్చుకోలేదు. నాన్నని తీసుకెళ్ళడానికి అన్ని రోజులు ఆగితే సరిపోతుందా, స్టెల్లా గారూ?

జయనగర్_అత్త
ఆ తల్లికి నా నమస్కారం చెప్పు నాయనా.

ఈశాన్యం_మూల
కొండ మీద రద్దీ లేని వారం చూసుకుని దర్శనం టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకో తమ్ముడూ. పెద్దాయన్ని క్యూలో నిలబెట్టొద్దు.

స్టెల్లా_గుంటూరు
రొమ్ము ఎముక పూర్తిగా అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. తేదీ మీ సర్జన్‌ని అడిగే పెట్టుకోండి. మెట్ల దారి వద్దు, బరువు ఎత్తనివ్వకండి, మందుల సంచి మీ చేతిలోనే ఉంచుకోండి. దారిలో గంటకోసారి దించి నాలుగడుగులు నడిపించండి. ఘాట్ రోడ్డు మీద మలుపులు ఎక్కువ, దగ్గు వచ్చినా కుదుపు వచ్చినా ఛాతీకి అదుముకోవడానికి నాన్నగారికి ఒక చిన్న దిండు ఇవ్వండి.